జెసలెంకో, పూర్తి పేరుతో

ఆస్ట్రేలియాలో నేను నర్సుగా చేస్తున్న ఏజ్డ్ కేర్ హోమ్‌లో ఒక పెద్దాయన గది గోడ మీద రెండే రెండు ఫొటోలు ఉంటాయి. ఒకటి వాళ్లమ్మది. తలకి పూల రుమాలు కట్టుకుని, కెమెరా వంక బెరుగ్గా చూస్తూ ఉంటుంది. రెండోది ఆట ఫొటో, నలుపు తెలుపుల్లో. ఒక మనిషి ఇంకో మనిషి వెనక నుంచి లేచి, అతని భుజాల మీద మోకాళ్లు ఆనించి, గాల్లో కోలబంతిని అందుకుంటున్నాడు. కింద నిలబడ్డవాడిదీ అదే బంతి కోసం ఆరాటం. కానీ బంతి పైవాడి చేతుల్లోకి వెళ్లిపోయింది.

2019లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, రాత్రి షిఫ్టులో మందులివ్వడానికి వెళ్లినప్పుడు అడిగాను, ఈయన ఎవరని. ఆయన మంచం మీద సర్దుకుని కూర్చుని "జె-స-లెం-కో" అన్నారు. నాకు అక్షరాభ్యాసం చేయిస్తున్నట్టు ఒక్కో ముక్కా విడదీసి పలికారు. ఊరంతా జెజా అనే పిలుస్తుంది, మా ఇంట్లో మాత్రం మా అమ్మ ఎప్పుడూ పూర్తి పేరే అనేది అని చెప్పారు. వాళ్లమ్మ యుద్ధం తర్వాత ఉక్రెయిన్ నుంచి వచ్చినావిడ. ఇంగ్లీషు సరిగా రాదు, ఫుటీ, అంటే ఇక్కడి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, అసలే తెలీదు. శనివారం మధ్యాహ్నం రేడియోలో కామెంటరీ వస్తుంటే ఆ వాగుడు కట్టేయమని గొడవ పెట్టేదట. ఆ ఒక్క పేరు వినబడితే మాత్రం గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడేదట.

ఆ మాట విన్నాక నాకు ఆ మనిషి గురించి తెలుసుకోవాలనిపించింది. ఈ ఐదారేళ్లలో చదివిందీ, చూసిందీ, పెద్దాయన నోట విన్నదీ చాలానే పోగైంది. తెలుగులో ఎవరూ రాసినట్టు నాకు కనబడలేదు. అందుకే రాస్తున్నా.

అలెక్స్ జెసలెంకో 1945 ఆగస్టు 2న ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో పుట్టాడు. యూరప్‌లో యుద్ధం ఆగి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. తండ్రి ఉక్రెయిన్ మనిషి, తల్లిది రష్యా. ఇల్లూ ఊరూ పోగొట్టుకుని, వెనక్కి వెళ్లే దారి లేక ఆ రోజుల్లో లక్షల మంది ఆస్ట్రియాలో, జర్మనీలో శిబిరాల్లో ఉండిపోయారు. అలాంటివాళ్లలో సుమారు 1,70,000 మందిని ఆస్ట్రేలియా కొన్నేళ్లలో తీసుకొచ్చుకుంది. షరతు ఏమిటంటే, ప్రభుత్వం ఎక్కడ ఏ పని చూపిస్తే అక్కడ ఆ పని రెండేళ్లు చెయ్యాలి. జెసలెంకో కుటుంబం 1949లో వచ్చింది. పిల్లాడికి అప్పుడు నాలుగేళ్లు. కాన్‌బెర్రాలో స్థిరపడ్డారు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. అదే 1949లో మా తాతలాంటివాడు వచ్చి తలుపు తడితే తీసేవాళ్లు కాదు. తెల్లవాళ్లకే ప్రవేశం అన్న విధానం అప్పుడు నడుస్తోంది. దాని ఆనవాళ్లు పూర్తిగా పోయింది 1973లో. కాబట్టి వాళ్ల కథా మన కథా ఒకటే అని నేను అనను. కానీ ఇంట్లో ఒక భాష, గుమ్మం దాటితే ఇంకో భాష పెట్టుకుని పెరగడం ఎలా ఉంటుందో మా ఇంట్లో రోజూ చూస్తున్నాను. అక్కడ మాత్రం నాకు అతను దగ్గరివాడిలా అనిపిస్తాడు.

ఆ పిల్లాడు బళ్లో రగ్బీ, బయట సాకర్ ఆడుతూ పెరిగాడు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఆట మొదలుపెట్టింది పద్నాలుగేళ్లకి. మెల్‌బోర్న్‌లో పిల్లలు నడక రాగానే ఆ బంతి పట్టుకుంటారు. మా నాన్న కందుకూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామం మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆడపిల్లల కబడ్డీ జట్టుని ఇరవై ఏళ్లకి పైగా తయారు చేశారు. ఈ పద్నాలుగేళ్ల సంగతి చెప్తే ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఆలస్యం ఏముందమ్మా? సాకర్ కాళ్లు ఇచ్చింది, రగ్బీ ఒళ్లు ఇచ్చింది. ఈ ఆట వచ్చి రెంటినీ కలిపింది" అన్నారు. ఇంతకన్నా బాగా నేనెక్కడా చదవలేదు.

కాన్‌బెర్రాలో ఈస్ట్‌లేక్ క్లబ్బుకి ఆడి, 1964 నుంచి 1966 దాకా వరసగా మూడేళ్లు ట్రోఫీ గెలిచిన జట్టులో ఉన్నాడు. 1967లో మెల్‌బోర్న్ వచ్చి కార్ల్‌టన్ క్లబ్బులో చేరాడు. జెర్సీ నంబర్ 25. అప్పటి కోచ్ రాన్ బరాసీ. ఆ క్లబ్బు 1947 తర్వాత ట్రోఫీ ముఖం చూడలేదు. 1968 ఫైనల్లో ఎసెండన్ మీద మూడే మూడు పాయింట్ల తేడాతో గెలిచి, ఇరవై ఒక్క ఏళ్ల కరువు తీర్చుకుంది. జెసలెంకోకి అది రెండో సీజన్.

ఆట తెలియనివాళ్ల కోసం కాస్త. జట్టుకి పద్దెనిమిది మంది. మైదానం క్రికెట్ గ్రౌండే, కోడిగుడ్డు ఆకారం. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. నడిమి రెంటి మధ్య నుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే ఒక్క పాయింటే, దాన్ని బిహైండ్ అంటారు. బంతిని చేత్తో విసరకూడదు. తన్నాలి, లేదా ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది అందించాలి. ఎవరైనా తన్నిన బంతి కనీసం పదిహేను మీటర్లు ప్రయాణించి వస్తే, నేల తాకకముందే పట్టుకున్నవాడికి ఆట ఆగుతుంది, ఎవరూ అడ్డం రాకుండా తన్నుకోవచ్చు. దీన్ని మార్క్ అంటారు. ఆ బంతి కోసం ఎగిరేటప్పుడు ముందున్నవాడి వీపునో భుజాన్నో మెట్టులా వాడుకోవడం ఈ ఆటలో తప్పు కాదు. మనసంతా బంతి మీద ఉంటే చాలు.

ఇప్పుడు ఆ ఫొటో. 1970 సెప్టెంబర్ 26, ఎంసీజీ (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్), గ్రాండ్ ఫైనల్. కార్ల్‌టన్‌కి ఎదురు కాలింగ్‌వుడ్. చూడ్డానికి వచ్చినవాళ్లు 1,21,696 మంది. ఈ ఆట చరిత్రలో ఏ మ్యాచ్‌కీ అంత జనం రాలేదు, ఇప్పటికీ అదే రికార్డు. మా పెద్దాయన ఆ జనంలో ఉన్నారు. పొద్దున్నే వెళ్లి నిలబడితే సాయంత్రం దాకా కాలు కదపడానికి చోటు లేదని చెప్పారు.

రెండో క్వార్టర్‌లో బంతి ఎత్తుగా వచ్చింది. దాని కింద కాలింగ్‌వుడ్ ఆటగాడు గ్రేమ్ జెంకిన్ కాచుకుని ఉన్నాడు. మంచి పొడగరి, రక్‌మన్ (ఆట మొదలెట్టేటప్పుడు ఎగిరి బంతిని తన జట్టు వైపు తట్టేవాడు). జెసలెంకో మరీ పొడగరి కాదు, ఆరడుగులు ఉంటాడేమో. వెనక నుంచి వచ్చాడు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నెమ్మదిగా నడిపించి చూస్తే అతను ఎగిరినట్టుండదు, మెట్లెక్కినట్టుంటుంది. మోకాళ్లు భుజాల దాకా వెళ్లి ఆగుతాయి. అక్కడ ఒక్క లిప్త పాటు కూర్చున్నట్టే ఉంటాడు. బంతి ఇంకా రావాలి. వచ్చింది, పట్టాడు. టీవీలో మైక్ విలియమ్సన్ గొంతు పగిలేలా అరిచాడు: "జెసలెంకో, యూ బ్యూటీ!"

జెజా అనలేదు. నాలుగేళ్ల వయసులో ఓడ మీద వచ్చిన పేరుని పొల్లు పోకుండా పలికాడు. ఇది గమనించమన్నది మా పెద్దాయనే. ఆ తర్వాత వారాల తరబడి బళ్లలో పిల్లలు ఒకరి మీద ఒకరు ఎక్కుతూ ఆ పేరే అరిచారట. అంతకుముందు రోల్ కాల్‌లో టీచరు తన ఇంటిపేరు దగ్గరికి వచ్చి ఆగినప్పుడల్లా తల దించుకున్నానని, ఆ సోమవారం నుంచి ఆ అవసరం రాలేదని ఆయన తమ్ముడు ఇప్పటికీ చెప్తాడట.

ఆ ఫొటో నాన్నకి మొదటిసారి చూపించినప్పుడు ఆయన పైవాణ్ణి చూడలేదు. కళ్లద్దాలు పెట్టుకుని కిందవాడినే చాలాసేపు చూశారు. "ఈ అబ్బాయి తప్పేం చెయ్యలేదే. నిలబడాల్సిన చోటే నిలబడ్డాడు, కన్ను బంతి మీదే ఉంది. ఇంతకు మించి ఏ కోచూ ఏం నేర్పలేడు" అన్నారు. నాకు గట్టిగా తగిలింది ఆ మాట. జెంకిన్ అన్నేళ్లు ఆడిన ఆటంతా పక్కకి పోయి, ఈ ఒక్క ఫొటోలో కింద నిలబడ్డ మనిషిగా మిగిలాడు. జెసలెంకో గురించి రాసేటప్పుడు అతని పేరు కూడా రాయడం బాధ్యత అనిపించి రాశాను.

చాలామంది ఆ మార్క్ దగ్గరే ఆగిపోతారు. నిజానికి అది ఓడిపోతున్న సగంలో పట్టిన బంతి. సగం ఆట అయ్యేసరికి కాలింగ్‌వుడ్ 73, కార్ల్‌టన్ 29. నలభై నాలుగు పాయింట్ల వెనక. జనంలో కార్ల్‌టన్ వాళ్లు కొందరు ఇంటిదారి పట్టేద్దామా అనుకునేంత. బరాసీ డ్రెస్సింగ్ రూమ్‌లో చెప్పింది: ఎక్కడా ఆగొద్దు, బంతి దొరికితే తన్నే తొందర వద్దు, చేత్తో అందించుకుంటూ పరిగెత్తండి. అప్పటిదాకా హ్యాండ్‌బాల్ అంటే వేరే దారి లేనప్పుడు వాడేది. అంచె మీద అంచెగా దాన్నే దాడికి వాడొచ్చని ఆ రెండో సగంలో జనం చూశారు. టెడ్ హాప్కిన్స్ అనే సన్నటి కుర్రాణ్ణి బెంచీ మీద నుంచి దించితే నాలుగు గోల్స్ కొట్టాడు. చివరి నిమిషాల్లో తేడా ఇంకా అటూ ఇటూ ఊగుతున్నప్పుడు జెసలెంకో తన్నిన బంతి నేల మీద గెంతుకుంటూ స్తంభాల మధ్య నుంచి దొర్లిపోయింది. కార్ల్‌టన్ 111, కాలింగ్‌వుడ్ 101.

నన్నడిగితే ఫొటో కట్టించుకోవాల్సింది ఆ దొర్లిన బంతిది. అందం లేదు దానికి. కానీ మ్యాచ్ దాంతో ఖాయమైంది.

ఆ ఏడాది అతను మొత్తం 115 గోల్స్ కొట్టాడు. కార్ల్‌టన్ చరిత్రలో ఒక సీజన్‌లో వంద దాటినవాడు అతనొక్కడే. 1972 ఫైనల్లో రిచ్‌మండ్ మీద ఏడు గోల్స్. ఆ మ్యాచ్‌లో కార్ల్‌టన్ స్కోరు 177, రిచ్‌మండ్‌ది 150. అదో గోల్స్ వాన. 1974 నుంచి మూడేళ్లు కెప్టెన్. ఇవన్నీ ఎక్కడైనా దొరికే లెక్కలు. నాకు ఎక్కువ ఆసక్తి ఆ తర్వాత జరిగినదాని మీద.

1978 సీజన్ ఇలా మొదలైందో లేదో కార్ల్‌టన్ కోచ్ తప్పుకున్నాడు. కొన్ని వారాలు తాత్కాలికంగా నెట్టుకొచ్చాక బాధ్యత జెసలెంకో మీద పడింది. ఆడుతూనే కోచింగ్. కెప్టెన్-కోచ్ అంటారు. పాతకాలంలో అది మామూలే, ఆ రోజులకి మాత్రం అరుదైపోతోంది. నాన్నకి ఈ సంగతి చెప్పినప్పుడు నమ్మలేదు. ఆయన బాధ ఏమిటంటే, బరి బయట నిలబడితేనే కోచ్‌కి ఏడుగురూ కనబడతారు. బరిలో ఉన్నవాడికి తన ఊపిరే వినబడుతుంది. కూతకి వెళ్లిన పిల్ల తన జట్టు ఎక్కడ నిలబడిందో చూడగలదా? మరి ఇక్కడ పద్దెనిమిది మంది, ఈ చివర నుంచి ఆ చివరకి నూట అరవై మీటర్ల మైదానం. అటు ఒకణ్ణి ఢీకొట్టి కింద పడి లేచి, ఇటు ఎవరిని మార్చాలి, ఎవడు అలిసిపోయాడు, ఎదుటివాడు ఏం ఎత్తు వేస్తున్నాడు అని ఆలోచించాలి. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్ల ఒంటితో.

1979లో అలాగే నడిపాడు. 22 మ్యాచుల్లో 19 గెలిపించి పట్టికలో పైన నిలబెట్టాడు. ఫైనల్లో మళ్లీ ఎంసీజీ, మళ్లీ కాలింగ్‌వుడ్. వాన పడ్డ నేల, బురద, జారిపోయే బంతి. చివరి క్వార్టర్‌లో జెసలెంకో చీలమండ దెబ్బతింది. మోసుకుని బయటికి తీసుకొచ్చారు. ఆటగాడిగా అతని ఫైనల్ అక్కడితో అయిపోయింది. కోచ్‌గా ఇంకా మిగిలే ఉంది. కాలు కింద పెట్టలేని మనిషి, గీత అవతల కూర్చుని, తాను తయారు చేసిన కుర్రాళ్లు ఏం చేస్తారో చూడాలి. ఆ టెన్షన్ మా నాన్నకి బాగా తెలుసు. మండల పోటీల్లో చివరి రెండు నిమిషాలు ఆయన కోర్టు వంక చూసేవారు కాదు, చెప్పులు విప్పి నేల మీద కూర్చుని మట్టిలో వేలితో గీతలు గీసేవారు. చిన్నప్పుడు నేను పక్కనే కూర్చునేదాన్ని.

అప్పుడే వేన్ హార్మ్స్ సంగతి. తాను తన్నిన బంతి వెంట తానే పరిగెత్తి, అది హద్దు దాటిపోయేలోగా బురదలో జారుతూ దూకి, పిడికిలితో లోపలికి కొట్టాడు. గోల్ ముందు కెన్ షెల్డన్ ఉన్నాడు, అతను గోల్ కొట్టేశాడు. బంతి అప్పటికే హద్దు దాటిందని కాలింగ్‌వుడ్ వాళ్లు ఈ రోజుకీ అంటారు. మా హోమ్‌లోనే ఒకావిడ ఉన్నారు, టీవీలో అది వస్తే మొహం తిప్పుకుంటారు. కార్ల్‌టన్ 82, కాలింగ్‌వుడ్ 77. ఐదు పాయింట్లు.

కార్ల్‌టన్ ఆడే ఆ లీగ్‌లో ఆడుతూ కోచ్‌గా ఉండి ట్రోఫీ గెలిచిన చివరి మనిషి అలెక్స్ జెసలెంకో. తర్వాత ఇంకెవరూ గెలవలేదు. ఇప్పుడు కోచ్‌లు అద్దాల గదిలో, కంప్యూటర్ల ముందు, సహాయకుల గుంపుతో కూర్చుంటున్నారు. ఇక గెలవరు కూడా. పద్నాలుగేళ్ల దాకా ఈ ఆట ముట్టుకోని శరణార్థుల బిడ్డ ఇక్కడి పాత పద్ధతిలో చివరివాడు కావడం నన్ను ఎంతగానో కదిలిస్తుంది.

ఆ తర్వాత ఆర్నెల్లు తిరక్కుండానే కార్ల్‌టన్ వదిలేశాడు. క్లబ్బు అధ్యక్షుడు జార్జ్ హారిస్‌ని 1980 మొదట్లో సభ్యులు దించేశారు. జెసలెంకో హారిస్ పక్షాన నిలబడ్డవాడు. ఆయన లేని చోట తానూ ఉండనని బయటికి నడిచాడు. 256 మ్యాచులు, 424 గోల్స్, నాలుగు ట్రోఫీలు అక్కడ వదిలి. అది తప్పో ఒప్పో మా పెద్దాయన ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒక రోజు "మాటకి కట్టుబడ్డాడు" అంటారు. ఇంకో రోజు "మమ్మల్ని వదిలేశాడు" అంటారు. రెండూ ఒకే బాధతో అంటారు. నేనైతే మొదటి మాట వైపు. ట్రోఫీ గెలిచిన మర్నాడు కుర్చీ పట్టుకుని కూర్చోవడం ఎవరైనా చేస్తారు.

సెయింట్ కిల్డా క్లబ్బుకి ఆడడానికి వెళ్లాడు. రెండు మ్యాచులు అయ్యాయో లేదో అక్కడి కోచ్‌ని తీసేసి, బాధ్యత మళ్లీ ఇతని నెత్తినే పెట్టారు. 23 మ్యాచులు ఆడి 1981లో ఆట మానేశాడు. కోచింగ్ 1982 చివరి దాకా. గెలుపులు తక్కువ. 1973 తర్వాత 1991 వచ్చేదాకా ఆ జట్టు ఫైనల్స్ (సీజన్ చివర పై జట్లు మాత్రమే ఆడే మ్యాచులు) గడప తొక్కలేదు. ఆ పొడుగాటి ఎండాకాలం నడిమధ్యలో ఉన్నాడు ఇతను. మళ్లీ 1989 సీజన్ మధ్యలో, సొంత క్లబ్బు చిక్కుల్లో పడి కబురు పెడితే వెళ్లాడు. 1990 దాకా ఉన్నాడు. ఆ రెండేళ్లూ ఫైనల్స్ చేరలేదు. వదిలేసి వెళ్లిన ఇంటికి కష్టకాలంలో తిరిగొచ్చాడు కదా, నాకు ఆ రెండేళ్ల లెక్క చిన్నదిగా తోచదు.

1996లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, అదే ఏడాది శతాబ్దపు జట్టులో చోటు, 2008లో లెజెండ్ హోదా. ఏటా సీజన్‌లో అన్నిటికన్నా గొప్ప మార్క్‌కి ఇచ్చే పతకం పేరు అలెక్స్ జెసలెంకో మెడల్. పూర్తి పేరుతోనే.

మా అబ్బాయి పేరు త్రివిక్రమ్. ఏడేళ్లు. శనివారం పొద్దున్నే మా పేటలో పిల్లలకి ఫుటీ నేర్పే ఆస్కిక్‌కి తీసుకెళ్తాను. మంచు తడి ఆరని గడ్డి, రంగురంగుల జెర్సీల్లో పిల్లలు, సగానికి సగం మన మొహాలే. కొత్తలో మొదటి రోజే అక్కడ నేర్పేవాళ్లలో ఒకరు పేరు రెండుసార్లు ప్రయత్నించి "ట్రెవ్" అని తేల్చేశారు. మంచివాడే, మా వాడంటే ముద్దు. మా వాడికీ నచ్చింది. నాకే గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. ఆ పేరు పెట్టింది మా నాన్న. 2024 జూలైలో ఆయన వచ్చి, గీత బయట మడత కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుని ఉండగా, మైదానం అవతల నుంచి "ట్రెవ్! ట్రెవ్!" అని వినబడింది. "ఎవర్నమ్మా పిలుస్తున్నది?" అని అడిగారు. మన వాణ్ణే అన్నాను. ఏమీ అనలేదు. ఆట అయ్యాక నాన్నే లేచి నెమ్మదిగా వెళ్లారు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆ మనిషితో "త్రి" అన్నారు, మూడు వేళ్లు చూపించి. "విక్రమ్" అన్నారు, పెద్ద అడుగు ఒకటి వేసి. డెబ్భై ఒక్కేళ్ల మనిషి, తడి గడ్డి మీద, అడుగు వేసి చూపించారు. ఆ వలంటీరు కూడా నవ్వేసి అలాగే అడుగు వేశాడు. మరుసటి వారం "త్రివిక్" దాకా వచ్చింది. అది చాలు అన్నారు నాన్న.

ఆ డిసెంబర్లో ముగ్గురం ఎంసీజీకి వెళ్లాం, ఇండియా టెస్ట్ మ్యాచ్‌కి, మూడో రోజు. విశాఖ అబ్బాయి నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా అవుటై, పదకొండో వాడిగా మన హైదరాబాద్ సిరాజ్ వచ్చాడు. కమిన్స్ వేసిన మూడు బంతులు సిరాజ్ కాచుకున్నాడు. ఆ మూడింటికీ నాన్న ఊపిరి బిగపట్టి నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. తర్వాత బోలండ్ బంతిని నితీశ్ బౌండరీకి కొట్టడం, మోకాలి మీద కూర్చోవడం, బ్యాట్ మీద హెల్మెట్ పెట్టడం, స్టాండ్లో వాళ్ల నాన్న కన్నీళ్లు, అందరూ చూసిందే. జనం లేచి చప్పట్లు కొడుతుంటే నాన్న నా చెవిలో అడిగారు: "ఆ ఫొటో అబ్బాయి ఎగిరింది ఎటువైపమ్మా?" నేను చెప్పలేకపోయాను. ఇదే గడ్డి అని మాత్రం చెప్పాను. స్టాండ్లు అప్పటివి కావు, గడ్డి కూడా ఎన్నోసార్లు మార్చి ఉంటారు. అయినా నాన్న చెయ్యి అడ్డం పెట్టుకుని మైదానం అంతా ఒకసారి కలయజూశారు.

జనవరిలో వెళ్లేటప్పుడు ఒకే ఒక కోరిక కోరారు, ఫుటీ ఆడే ఎర్ర షెరిన్ బంతి ఒకటి కావాలని. బంతి అలాగే పెడితే సూట్‌కేస్ మూత పడలేదు. గాలి తీయించి, మందుల డబ్బాకీ పిల్లల చాక్లెట్లకీ మధ్య చదునుగా పెట్టాను. ఊళ్లో సైకిల్ షాపులో గాలి పట్టించారట. రెండు వారాల తర్వాత వాట్సాప్‌లో వీడియో వచ్చింది. పాత హైస్కూల్ గ్రౌండ్, కబడ్డీ పిల్లలు ఓ డజను మంది, ఎర్రటి దుమ్ము. రిటైరైనా నాన్న సాయంత్రాలు వెళ్తూనే ఉంటారు. కోలబంతి కదా, ఎలా తన్నినా పక్కకి పోతోంది, పిల్లలు దాని వెంట పడి నవ్వుతున్నారు. నాన్న గొంతు వినబడుతోంది: "లేసులు ముందుకి పెట్టుకోండే. ఎగరెయ్యకండి, కాలి మీదకి వదలండి." ఒక పిల్ల సరిగ్గా తన్నింది. బంతి గిర్రున తిరుగుతూ పైకి లేచింది. ఇద్దరు పిల్లలు దాని కింద చేరారు, ఒకత్తి వెనక, ఒకత్తి ముందు. వెనకున్న పిల్ల ముందున్నదాని భుజాల మీద రెండు చేతులూ ఆనించింది. నాన్న "కన్ను బంతి మీద, కన్ను బంతి మీద" అని అరుస్తున్నారు. ఎవరికి చెప్తున్నారో తెలీలేదు. వీడియో అక్కడికే ఉంది.

మర్నాడు షిఫ్టులో అది పెద్దాయనకి చూపించాను. మూడుసార్లు చూశారు. తర్వాత ఆ పిల్లల పేర్లు అడిగారు. ఫోన్ చేసి నాన్నని కనుక్కుని చెప్తానన్నాను.